ఎవరి మాట ప్రమాణం?

1845 అక్టోబరు 8వ తేదీ. ఇంగ్లండులో ఆ రాత్రి జోరున వాన. ఆక్స్‌ఫర్డ్ నగరానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని లిటిల్‌మోర్ అనే పల్లెకు డొమినిక్ బార్బెరి అనే ఇటలీ దేశపు కాథలిక్ గురువు గుర్రపు బండి పైభాగాన కూర్చుని, గంటల తరబడి వానలో నానుతూ చేరుకున్నాడు. తడిసిన బట్టలు ఆరబెట్టుకోవడానికి నిప్పు దగ్గర నిలబడ్డాడో లేదో, నలభై నాలుగేళ్ల ఇంగ్లీషు పండితుడొకాయన వచ్చి ఆయన పాదాల దగ్గర మోకరించాడు. తనను రోమన్ కాథలిక్ సంఘంలో చేర్చుకోమని వేడుకున్నాడు. మరునాడు ఆ కోరిక నెరవేరింది. ఆ వార్త ఇంగ్లండునంతా కుదిపేసింది. ఎందుకంటే మోకరించిన ఆ వ్యక్తి ఆంగ్లికన్ సంఘంలో ఆనాటి మహా ప్రసంగీకుల్లో ఒకడైన జాన్ హెన్రీ న్యూమన్.

ఆయన డబ్బు కోసమో పదవి కోసమో సంఘం మారలేదు. మారినందువల్ల ఉన్న పదవి పోయింది, జీతం పోయింది, ప్రాణస్నేహితులు దూరమయ్యారు. ఇంతకీ ఆయన్ను అంతగా వేధించిన ప్రశ్న ఒక్కటే. దేవుని వాక్యానికి అర్థం చెప్పడంలో ఇద్దరు భక్తులు విభేదిస్తే ఎవరి మాట ప్రమాణం? బైబిలు ఒక్కటే చాలా, సంఘం కూడా కావాలా? సంఘమే కావాలంటే ఆ సంఘం పక్షాన మాట్లాడేది ఎవరు? బిషప్పా, పోపా, రాజా, పార్లమెంటా? ఆంగ్లికన్లకు, కాథలిక్కులకు మధ్య దాదాపు ఐదు వందల ఏళ్లుగా నలుగుతున్న ఈ ప్రశ్నను న్యూమన్ పుస్తకాల్లో మాత్రమే చర్చించలేదు, దానికి తన జీవితాన్నే మూల్యంగా చెల్లించాడు.

బాల్యం, మారుమనస్సు

న్యూమన్ 1801 ఫిబ్రవరి 21న లండనులో పుట్టాడు. తండ్రి బ్యాంకు నడిపేవాడు. తల్లి, ఫ్రాన్సు నుండి విశ్వాసం కోసం వలస వచ్చిన ప్రొటెస్టంట్ల వంశంలోని స్త్రీ. ముగ్గురు మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలున్న ఆ ఇంట్లో ఆయనే పెద్దవాడు. చిన్ననాటి నుండి బైబిలు చదవడం అలవాటే అయినా, పద్నాలుగేళ్ల వయసులో నాస్తికుల పుస్తకాలు చదివి వాటి వాదనలకు కొంత మురిసిపోయాడు కూడా.

1816లో తండ్రి బ్యాంకు మూతబడింది. నిన్నటిదాకా కలిగినవారుగా బతికిన కుటుంబం ఒక్కసారిగా ఇబ్బందుల్లో పడింది. అదే ఏడాది న్యూమన్ బడిలో జబ్బుపడి ఒంటరిగా ఉన్న రోజుల్లో వాల్టర్ మేయర్స్ అనే దైవజనుడు ఆయనకు మంచి పుస్తకాలిచ్చి చదివించాడు. పదిహేనేళ్ల ఆ కుర్రవాడి హృదయం మారింది. దేవుడు ఉన్నాడన్నది తాను ఉన్నానన్నంత నిశ్చయమైంది. ఎన్ని మార్పులు వచ్చినా ఆనాటి ఆ నిశ్చయతను ఆయన జీవితాంతం కాదనలేదు. అయితే అవే పుస్తకాల్లో పోపు క్రీస్తు విరోధి అన్న బోధ కూడా ఉంది. దాన్నీ ఆయన అంతే గట్టిగా నమ్మాడు. దేవుడు ఈ బాలుణ్ణి ఎక్కడి నుండి ఎక్కడికి నడిపించబోతున్నాడో అప్పుడెవరికి తెలుసు?

ఆక్స్‌ఫర్డ్‌లో ట్రినిటీ కళాశాలలో చేరాడు. మితిమీరి చదివి, పరీక్షల నాటికి అలసిపోయి, 1820లో అందరూ ఆశించిన శ్రేణిని పోగొట్టుకున్నాడు. కానీ 1822లో ఆనాడు మేధావులకు నిలయమైన ఓరియల్ కళాశాలలో ఫెలోగా ఎంపికయ్యాడు. 1824లో డీకనుగా, 1825లో గురువుగా అభిషేకం పొందాడు. 1828లో విశ్వవిద్యాలయపు సెయింట్ మేరీ ఆలయానికి కాపరి అయ్యాడు. ఆయన పెద్దగా గొంతెత్తేవాడు కాదు, చేతులు ఊపేవాడు కాదు. రాసుకొచ్చిన ప్రసంగాన్ని నెమ్మదిగా చదివేవాడు. అయినా ఆదివారం సాయంత్రం ఆ ఆలయం విద్యార్థులతో నిండిపోయేది.

ఆ రోజుల్లోనే ఆయన్ను ఆ ప్రశ్న పట్టుకుంది. చర్చి మిషనరీ సొసైటీకి ఆక్స్‌ఫర్డ్ శాఖలో ఆయన ఒక కార్యదర్శి. మన తెలుగువారికి ఈ సొసైటీ కొత్త కాదు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్‌లను మచిలీపట్నానికి పంపింది అదే. సువార్త పని మంచిదే కానీ అది సంఘాధ్యక్షులైన బిషప్పుల అధికారం కింద జరగాలి కదా అంటూ న్యూమన్ 1830లో ఒక చిన్న పత్రం రాశాడు. సభ్యులకు అది నచ్చలేదు. ఓటు వేసి ఆయన్ను ఆ పదవి నుండి తప్పించారు. చిన్న సంఘటనే అయినా, రాబోయే తుఫానుకు అదే మొదటి గాలి.

ఒకే రోజు ఇల్లు చేరిన అన్నదమ్ములు

1832 చివర్లో న్యూమన్ తన మిత్రుడు హరెల్ ఫ్రూడ్‌తోను, ఆ మిత్రుని తండ్రితోను కలిసి మధ్యధరా సముద్ర తీర దేశాలకు వెళ్లాడు. తిరుగు ప్రయాణంలో సిసిలీ ద్వీపంలో విషజ్వరం సోకి చావు అంచుదాకా వెళ్లి బతికాడు. ఇంగ్లండులో తాను చేయవలసిన పని మిగిలి ఉందన్న భావం ఆయనలో బలపడింది. 1833 జూన్‌లో నారింజ పండ్లు మోసే ఓడలో తిరిగి వస్తుండగా గాలి పడిపోయి ఓడ సముద్రంలో కదలకుండా నిలిచిపోయింది. అప్పుడు రాసిందే, తరువాత గాంధీజీ కూడా ఎంతో ఇష్టపడిన ప్రార్థన గీతం 'లీడ్, కైండ్లీ లైట్'.

1833 జూలై 9న ఆయన తల్లి ఇంటికి చేరాడు. అంతకు కొద్ది గంటల ముందే తమ్ముడు ఫ్రాన్సిస్ కూడా తూర్పు దేశాల నుండి తిరిగి వచ్చాడు. ఫ్రాన్సిస్ కథ మనకు దగ్గరిది. ఆంగ్లికన్ సంఘపు విశ్వాస సూత్రాల మీద సంతకం చేయడానికి మనసొప్పక, ఆక్స్‌ఫర్డ్‌లోని తన స్థానాన్ని వదులుకుని, 1830లో ఆయన ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీని కలుసుకోవడానికి బాగ్దాదు బయలుదేరాడు. ఈ గ్రోవ్సే తరువాత భారతదేశానికి వచ్చి, 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలను వెంటబెట్టుకొచ్చాడు. వారి ద్వారానే నర్సాపురంలో గోదావరి డెల్టా మిషన్ పుట్టింది. బిషప్పు చేతి అభిషేకం అక్కర్లేదు, లేఖనం తెలిసిన ఏ విశ్వాసి అయినా బోధించవచ్చు అన్నది గ్రోవ్స్ బృందం నమ్మకం.

తమ్ముడు అభిషేకం లేకుండానే కూడికల్లో బోధిస్తున్నాడని తెలిసి అన్న అతనితో తెగతెంపులు చేసుకున్నాడు. ఒకే తల్లి ఒడిలో, ఒకే బైబిలు చదివి పెరిగిన ఇద్దరు యథార్థవంతులు. ఒకరు అపొస్తలుల కాలం నుండి వస్తున్న బిషప్పుల వరుసలో అధికారాన్ని వెదికారు, మరొకరు ప్రతి విశ్వాసి మనసులో వెదికారు. తరువాతి కాలంలో ఫ్రాన్సిస్ బైబిలు అధికారాన్ని, క్రీస్తు దైవత్వాన్ని కూడా వదులుకున్నాడు. మరో తమ్ముడు చార్లెస్ అంతకు ముందే క్రైస్తవ విశ్వాసాన్ని విడిచిపెట్టాడు. కట్టుదిట్టమైన ప్రమాణం లేకపోతే ఒక్కో మనిషి ఒక్కో దారి పడతాడన్న భయం న్యూమన్‌కు గ్రంథాలయంలోనే కలిగిందనుకోలేం. ఆయన దాన్ని సొంత ఇంట్లో చూశాడు. తాను తమ్ముడి పట్ల చూపిన కాఠిన్యం మాత్రం ఆయన జీవితంలో మచ్చగానే మిగిలింది.

పార్లమెంటా, అపొస్తలులా?

ఆయన ఇల్లు చేరిన ఐదు రోజులకు, జూలై 14న, జాన్ కేబుల్ అనే గురువు సెయింట్ మేరీ ఆలయంలో దేశాన్ని హెచ్చరిస్తూ ఒక ప్రసంగం చేశాడు. ఐర్లండులో పది ఆంగ్లికన్ బిషప్పు పీఠాలను రద్దు చేయడానికి ప్రభుత్వం పూనుకోవడం దానికి కారణం. పీఠాలు ఎక్కువయ్యాయా తక్కువయ్యాయా అన్నది కాదు వారి బాధ. సంఘ విషయాన్ని తేల్చడానికి పార్లమెంటు ఎవరన్నది ప్రశ్న. 1534లో ఎనిమిదవ హెన్రీ రాజు పోపుతో సంబంధం తెంచుకుని, ఇంగ్లండు సంఘానికి తానే అధిపతినని శాసనం చేయించిన నాటి నుండి ఈ చిక్కు ఉన్నదే.

న్యూమన్, కేబుల్, పూసీ మొదలైనవారు కలిసి 1833 సెప్టెంబరు నుండి కరపత్రాలు వెలువరించారు. చరిత్రలో దీన్ని ఆక్స్‌ఫర్డ్ ఉద్యమం అంటారు. సంఘం రాజు సృష్టించిన శాఖ కాదు, క్రీస్తు స్థాపించినది, అపొస్తలుల వారసులైన బిషప్పులే దానికి కాపరులు అన్నది వాటి సారం. న్యూమన్ మధ్యేమార్గమొకటి చూపించాడు. ఒక ప్రక్క ఎవరికి తోచిన అర్థం వారు చెప్పుకొనే పద్ధతి, మరో ప్రక్క రోమ్ చేర్చిందని తాను భావించిన అదనపు బోధలు. ఈ రెంటికీ నడుమ తొలి శతాబ్దాల అవిభక్త సంఘపు విశ్వాసాన్ని నిలబెట్టేదే ఆంగ్లికన్ సంఘమన్నాడు. వినడానికి ఎంతో చక్కని వాదన!

అయితే 1839 వేసవిలో ఐదవ శతాబ్దపు సంఘ చరిత్ర చదువుతుండగా ఆయన గుండెలో రాయి పడింది. క్రీస్తు స్వభావాన్ని గురించిన ఆనాటి వివాదంలోనూ ఒక మధ్యేమార్గం ఉంది. కానీ అది సత్యం పక్షాన నిలవలేదు. రోమ్ పక్షం నిలిచింది. అద్దంలో చూసుకుంటే తన ముఖం తప్పుబోధకుల పక్షాన కనిపించినట్లయింది. ఆ తరువాత కాథలిక్ పండితుడు వైజ్‌మన్ రాసిన వ్యాసంలో, విశ్వవ్యాప్త సంఘం నుండి విడిపోయిన డొనాటస్ వర్గాన్ని అగస్టీను ఎలా ఖండించాడో చదివి మరింత కలవరపడ్డాడు.

తొంభయ్యో కరపత్రం

ఆంగ్లికన్ సంఘానికి 39 విశ్వాస సూత్రాలున్నాయి. 1571లో స్థిరపడిన ఈ సూత్రాల ప్రకారం రక్షణకు కావలసినదంతా పరిశుద్ధ లేఖనాల్లో ఉంది. విశ్వాస వివాదాల్లో సంఘానికి అధికారం ఉంది కానీ, లేఖనానికి విరుద్ధంగా అది దేన్నీ విధించకూడదు. సర్వసంఘ సభలు కూడా పొరపడగలవు. కాథలిక్కుల నమ్మకం వేరు. లేఖనంతోపాటు అపొస్తలుల నుండి వచ్చిన పారంపర్యం ఉంది, రెంటినీ వివరించే బోధనాధికారం పేతురు వారసుడైన పోపుతో కూడిన బిషప్పులది.

ఈ 39 సూత్రాలను కాథలిక్ బోధకు దగ్గరి అర్థంలో కూడా చదువుకోవచ్చని 1841లో న్యూమన్ తొంభయ్యో కరపత్రంలో వాదించాడు. పెద్ద గగ్గోలు లేచింది. విశ్వవిద్యాలయ పెద్దలు ఖండించారు. ఆక్స్‌ఫర్డ్ బిషప్పు కరపత్రాలు ఆపమని కోరాడు. బిషప్పు మాటే సంఘం మాట అని ఎనిమిదేళ్లుగా బోధించినవాడు కాబట్టి న్యూమన్ మారు మాటాడక ఆపేశాడు. కానీ తరువాత బిషప్పులు ఒకరి తరువాత ఒకరు ఆయన బోధను తప్పుబట్టారు. ఎవరి అధికారాన్ని తాను నిలబెట్టాలని పాటుపడ్డాడో వారే తనను కాదన్నారు. అదే ఏడాది ఇంగ్లండు, ప్రష్యా ప్రభుత్వాలు కలిసి యెరూషలేములో ఆంగ్లికన్లకు, లూథరన్లకు ఉమ్మడిగా ఒక బిషప్పును నియమించే ఏర్పాటు చేశాయి. విశ్వాసం ఒకటా కాదా అని చూడకుండా రాజకీయం కోసం బిషప్పును పంచుకుంటే, ఇక ఇది ఏ పాటి సంఘమని ఆయన కుమిలిపోయాడు.

1842లో లిటిల్‌మోర్‌కు మకాం మార్చాడు. గుర్రపుశాలను బాగుచేయించి చిన్న చిన్న గదులుగా మార్చి, కొందరు శిష్యులతో ప్రార్థన, ఉపవాసం, చదువులతో గడిపాడు. రోమ్ మీద తాను పూర్వం చేసిన విమర్శలను 1843లో బహిరంగంగా వెనక్కు తీసుకున్నాడు. ఆ సెప్టెంబరులో సెయింట్ మేరీ కాపరి పదవికి రాజీనామా చేశాడు. లిటిల్‌మోర్ ఆలయంలో మిత్రుల ఎడబాటును గురించి ఆయన చేసిన చివరి ప్రసంగానికి ఏడవనివారు లేరంటారు. ఒక్కసారిగా గెంతెయ్యలేదు, మరో రెండేళ్లు ఆగాడు. తన మనసు తనను మోసం చేస్తోందేమోనని పరీక్షించుకున్నాడు.

ఆ రెండేళ్ల చివర రాసిన గ్రంథమే క్రైస్తవ సిద్ధాంత వికాసాన్ని గురించినది. రోమ్ బోధలు తొలి సంఘంలో ఉన్నవున్నట్లు కనిపించవు కదా అన్నదే అన్నాళ్లూ ఆయనకు అడ్డం. చింతగింజను చూసినవాడికి చింతచెట్టు కొత్తదిగానే కనిపిస్తుంది. కానీ గింజలో లేనిది చెట్టులోకి రాదు. త్రిత్వమన్న మాట బైబిల్లో లేదు. అయినా 325లో నీకయ సభ, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ ప్రకటించిన విశ్వాసాన్ని ప్రొటెస్టంట్లమైన మనమూ ఒప్పుకుంటున్నాం. అయితే సత్యం ఎదిగే క్రమంలో ఏది నిజమైన కొమ్మ, ఏది పైన పట్టిన బదనిక అని తేల్చేది ఎవరు? తేల్చడానికి దేవుడు ఒక సజీవమైన అధికారాన్ని ఉంచి ఉండాలని ఆయన నిర్ధారణకు వచ్చాడు. ఆ పుస్తకం పూర్తయ్యీ కాకుండానే బార్బెరి వానలో తడుస్తూ వచ్చాడు.

1846 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్ వదిలాడు. తరువాత ముప్ఫై రెండేళ్లు ఆ ఊళ్లో అడుగుపెట్టలేదు. రైలులో వెళ్తూ దూరాన ఆ గోపురాలను చూడడమే. అక్కాచెల్లెళ్ల ప్రేమలోనూ చీలిక వచ్చింది. చెల్లెలు హారియట్ ఆయనతో మాటలు మానేసింది.

అటు వెళ్లినా సిలువ తప్పలేదు

1847లో రోమ్‌లో కాథలిక్ గురువుగా అభిషిక్తుడై, మరుసటి ఏడాది బర్మింగ్‌హామ్‌లో ఆరటరీ అనే గురువుల ఆశ్రమాన్ని స్థాపించాడు. 1850లో ఆంగ్లికన్ సంఘంలో ఆయన భయపడినదే జరిగింది. శిశువుకు బాప్తిస్మం ద్వారానే తిరిగి జన్మించడం జరుగుతుందన్న బోధను గోరమ్ అనే గురువు ఒప్పుకోలేదు. ఎక్సెటర్ బిషప్పు అతనికి కాపరి పదవి నిరాకరించాడు. సంఘ న్యాయస్థానం బిషప్పునే సమర్థించింది. కానీ రాణిగారి ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టేసి గోరమ్‌ను గెలిపించింది. బాప్తిస్మపు అర్థాన్ని ప్రభుత్వ న్యాయమూర్తులు తేల్చడం చూసి, హెన్రీ మానింగ్ వంటి ప్రముఖులు 1851లో కాథలిక్కులయ్యారు. కేబుల్, పూసీ మాత్రం కన్నీళ్లతోనే ఆంగ్లికన్ సంఘంలో నిలిచిపోయారు. వారి యథార్థతను ఎవరు శంకించగలరు?

కాథలిక్ సంఘంలో న్యూమన్‌కు పూలబాట దొరకలేదు. డబ్లిన్‌లో కాథలిక్ విశ్వవిద్యాలయం నడపమని పిలిచారు, చేతులు కట్టేశారు. 1858లో దాన్ని వదిలి వచ్చాడు. 1859లో, సిద్ధాంత విషయాల్లో సామాన్య విశ్వాసుల మనసు కూడా తెలుసుకోవాలని ఒక వ్యాసం రాశాడు. నాలుగవ శతాబ్దంలో యేసు దేవుడు కాదన్న అరియస్ బోధ ముందు అనేకమంది బిషప్పులు తడబడినప్పుడు, నమ్మకంగా నిలిచింది మామూలు విశ్వాసులేనని చరిత్రను చూపించాడు. బోధనాధికారం కోసం సర్వస్వం వదులుకుని వచ్చినవాడు, ఆ అధికారానికి చెవులు కూడా ఉండాలన్నాడు! ఒక బిషప్పు ఆ వ్యాసం మీద రోమ్‌కు ఫిర్యాదు చేశాడు. చాలా ఏళ్లు ఆయన అనుమానపు నీడలో బతికాడు. ఆంగ్లికన్లకు ద్రోహి, కాథలిక్కుల్లో కొందరికి ప్రమాదకరమైన మనిషి.

1864లో చార్లెస్ కింగ్‌స్లీ అనే ఆంగ్లికన్ గురువు ఆయన్ను సత్యమంటే విలువ లేని మనిషిగా పత్రికలో నిందించాడు. జవాబుగా న్యూమన్ తన ఆత్మకథను వారం వారం భాగాలుగా రాశాడు. రోజుకు ఎన్నో గంటలు, కొన్నిసార్లు కన్నీళ్లతో. 'అపోలోజియా' అనే ఆ పుస్తకం చదివి ఆయనతో ఏకీభవించనివారు కూడా ఆయన నిజాయితీని నమ్మారు. 1865లో హర్స్‌లీలో కేబుల్ ఇంట్లో పాత మిత్రులు ముగ్గురూ దాదాపు ఇరవై ఏళ్ల తరువాత కలుసుకున్నారు. వయసు మీదపడి ఒకరినొకరు వెంటనే పోల్చుకోలేకపోయారట. ముగ్గురూ కలిసి భోంచేసింది అదే ఆఖరిసారి. మరుసటి ఏడాది కేబుల్ కన్నుమూశాడు.

పోపు, మనస్సాక్షి

1870 జూలై 18న మొదటి వాటికన్ మహాసభ, పోపు తన పీఠాధికారంతో విశ్వాస, నైతిక విషయాల్లో సర్వసంఘానికి చేసే నిర్ణయాత్మక బోధలో పొరపాటు ఉండదని ప్రకటించింది. అనుకూలంగా 533 ఓట్లు, వ్యతిరేకంగా రెండు. దీన్ని వ్యతిరేకించిన బిషప్పులు చాలామంది ఓటింగుకు ముందే రోమ్ విడిచి వెళ్లిపోయారు. న్యూమన్ వ్యక్తిగతంగా ఈ బోధను నమ్మినవాడే. కానీ తొందరపడి శాసనంగా చేయడం బలహీనులైన విశ్వాసులను గాయపరుస్తుందని తన బిషప్పుకు ఒక ఆంతరంగిక లేఖ రాశాడు. అది పత్రికలకు పొక్కి పెద్ద అలజడి అయింది. ప్రకటన వెలువడ్డాక మాత్రం దాన్ని అంగీకరించాడు. అది ఎంతవరకు వర్తిస్తుందో, ఎక్కడ వర్తించదో ఓపికగా వివరిస్తూ అనేకులను నిలబెట్టాడు.

1874లో, అప్పటికి ప్రధానమంత్రి పదవి నుండి దిగిపోయిన గ్లాడ్‌స్టన్, పోపుకు ఇలా లోబడే కాథలిక్కులు దేశానికి నమ్మకమైన పౌరులుగా ఎలా ఉండగలరని నిలదీశాడు. 1875లో నార్ఫోక్ డ్యూకుకు రాసిన బహిరంగ లేఖలో న్యూమన్ బదులిచ్చాడు. మనస్సాక్షి మనిషిలో వినిపించే దేవుని స్వరమని, పోపు అధికారం కూడా దాని మీదే నిలబడి ఉందని, అందుచేత మర్యాదలో మనస్సాక్షికే ముందు పీట అని వివరించాడు. అయితే మనసుకు నచ్చింది చేయడమే మనస్సాక్షి అని ఆయన ఎన్నడూ అనలేదు. మనస్సాక్షి సొంత ఇష్టానికి పెట్టుకున్న మరో పేరు కాదు. అది దేవుని ముందు జవాబుదారీ. లోబడడం తెలిసినవాడికే దాని మాట వినిపిస్తుంది.

1878లో ఆయన చదువుకున్న ట్రినిటీ కళాశాల గౌరవ ఫెలోగా పిలవగా మళ్లీ ఆక్స్‌ఫర్డ్‌లో అడుగుపెట్టాడు. 1879లో పోపు పదమూడవ లియో ఆయన్ను కార్డినల్‌గా చేసి అనుమానపు నీడను తొలగించాడు. రోమ్‌లో ఉండనక్కర్లేదని అనుమతి కూడా ఇచ్చాడు. 1890 ఆగస్టు 11న బర్మింగ్‌హామ్‌లో ఆయన కన్నుమూసినప్పుడు అంతిమయాత్ర చూడడానికి వేలాదిమంది వీధుల్లో నిలబడ్డారు. వారిలో అన్ని సంఘాలవారూ ఉన్నారు.

ఆయన తరువాత

ఆయన పోయిన ఆరేళ్లకే, 1896లో, అదే పదమూడవ లియో ఆంగ్లికన్ల గురు అభిషేకాలు చెల్లవని ప్రకటించడంతో అగాధం పెరిగింది. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పుడు కూడా ఇదే ప్రశ్న మన గడప తొక్కింది. బిషప్పు అభిషేకం లేని కాపరులను ఒప్పుకోవడమెలా అన్న సందేహంతో నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు చాలామంది వెంటనే చేరలేదు. చాలా ఏళ్ల తరువాతే కలిశారు.

1966లో కాంటర్బరీ ఆర్చిబిషప్ మైకేల్ రామ్సే, పోపు ఆరవ పౌలు కలుసుకున్నాక ఇరుపక్షాల పండితుల సంఘం 1970 నుండి కూర్చుని మాట్లాడడం మొదలుపెట్టింది. సంఘంలో అధికారం గురించే 1976, 1981, 1999లలో ఉమ్మడి పత్రాలు వెలువడ్డాయి. ఎంతో దగ్గరయ్యారు, కానీ ఒక్కటి కాలేదు. స్త్రీలకు గురు అభిషేకం ఇవ్వాలని 1992లో ఇంగ్లండు సంఘం తన మహాసభలో ఓటు ద్వారా నిర్ణయించుకుంది. అలా నిర్ణయించే అధికారం తనకే లేదన్నది రోమ్ వైఖరి. చూడండి, ప్రశ్న మళ్లీ మొదటికే వచ్చింది.

న్యూమన్‌ను 2010లో పోపు పదహారవ బెనెడిక్ట్ బర్మింగ్‌హామ్‌లో ధన్యుడిగా, 2019 అక్టోబరు 13న పోపు ఫ్రాన్సిస్ పునీతుడిగా ప్రకటించారు. ఆ సభకు నేటి రాజు చార్లెస్, అప్పటి యువరాజు, హాజరయ్యాడు. 2025 నవంబరు 1న పోపు పద్నాలుగవ లియో ఆయన్ను సంఘ పండితుల వరుసలో చేర్చాడు. అంతకు కొద్ది రోజుల ముందే, అక్టోబరు 23న, ఆంగ్లికన్ సంఘాధిపతియైన చార్లెస్ రాజు ఆ పోపుతో కలిసి సిస్టైన్ ఆలయంలో ప్రార్థించాడు. న్యూమన్ చూసి ఉంటే ఎంత సంతోషించేవాడో!

మనకేమి పాఠం?

ఈ వ్యాసం రాస్తున్న నేను ప్రొటెస్టంట్ కాపరిని. న్యూమన్ చేరిన గమ్యానికి నేను చేరలేదు. సంఘ సభలూ సంఘాధిపతులూ పొరపడగలరని, అందరి మీదా తీర్పరి దేవుని వాక్యమేనని నమ్ముతాను. కానీ ఆయన వేసిన ప్రశ్న నుండి నేను తప్పించుకోలేను. బైబిలే ప్రమాణమని నేనంటున్నప్పుడు, చాలాసార్లు నా ఉద్దేశం బైబిలుకు నేను చెప్పే అర్థమే ప్రమాణమని కాదా? కాపరితో మాట పడక పక్క వీధిలో మరో బోర్డు పెట్టినవారిని నా పరిచర్యలో ఎందరినో చూశాను. ప్రతి ఒక్కరి చేతిలో అదే బైబిలు. పోపు ఒక్కడే ఎందుకని ప్రశ్నించే మనం, వీధికొక పోపును తయారు చేసుకుంటున్నామేమో ఆలోచించాలి.

అన్యులకు సున్నతి అవసరమా అన్న వివాదం వచ్చినప్పుడు అపొస్తలులు యెరూషలేములో కూడుకున్నారని అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో చదువుతాం. పేతురు మాట్లాడాడు, పౌలు బర్నబాలు సాక్ష్యమిచ్చారు, యాకోబు లేఖనం చూపించాడు, సంఘమంతా విన్నది. అక్కడ లేఖనమూ ఉంది, కాపరులూ ఉన్నారు, విశ్వాసులూ ఉన్నారు, వీరందరినీ నడిపించే పరిశుద్ధాత్ముడూ ఉన్నాడు. వీటిలో ఏ ఒక్కదాన్ని తీసేసినా సంఘం కుంటుపడుతుంది. ఆంగ్లికన్లు, కాథలిక్కులు ఇన్ని శతాబ్దాలుగా పోట్లాడుకున్నది ఈ నాలుగింటి పొందికను గురించే.

న్యూమన్ సత్యాన్ని వెదికాడు, వెల కట్టకుండా వెదికాడు. దొరికిందనుకున్న రోజున లోబడ్డాడు. లోబడిన చోట అవమానం ఎదురైనా వెనుదిరగలేదు, నోరు మూసుకునీ కూర్చోలేదు. తనను విడిచిన మిత్రుల కోసం ప్రార్థించడం మానలేదు. మనమెక్కడ నిలబడి ఉన్నా సరే, ఈ వారం బైబిలు తెరిచేటప్పుడు మనకు నచ్చిన మాట కోసం కాక, మనల్ని సరిదిద్దే మాట కోసం వెదుకుదాం. మనతో ఏకీభవించని సహోదరుడు కూడా అదే ప్రభువు పాదాల దగ్గర మోకరిస్తున్నాడని గుర్తుంచుకుందాం. సంఘానికి శిరస్సు క్రీస్తే. ఆ మాట దగ్గర ఆంగ్లికన్లకూ కాథలిక్కులకూ ఎన్నడూ గొడవ లేదు.